చెప్పింది సరే, రాశారా?



ముందుగా ఒక శబ్దం గురించి చెప్తాను.

నెల్లూరు జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల ఒక రైసు మిల్లు. ఊరూ పేరూ వద్దు. మార్చి నెల. కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. మిల్లు ముందర ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి రెండు గంటలప్పుడు పైనుంచి సన్నగా ఒక కూత వినిపించింది. ఎలివేటరు తల దగ్గర నుంచి. ఎలివేటరు అంటే మనుషులు ఎక్కే లిఫ్టు కాదండీ. వడ్లను కింది నుంచి పైకి మోసుకుపోయే బకెట్ల పట్టా. కుయ్ మని ఒక కూత. కాసేపు ఆగి, మళ్ళీ ఇంకో కూత. కుర్రాడు నిచ్చెన ఎక్కాడు. బేరింగు డబ్బా మీద చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు పెట్టినట్టే లాక్కున్నాడు. కాలుతోంది.

తెల్లవారింది. కుర్రాడు డ్యూటీ దిగాడు. బస్టాండు కాడ టీ తాగుతుంటే మిల్లు ఫిట్టరు కనిపించాడు. "అన్నా, ఎలివేటరు పైన సౌండొస్తా ఉండాది, రవంత చూడు" అన్నాడు. "సరేలే చూస్తా" అన్నాడు ఫిట్టరు. ఆయన ఆ రోజు సొంత పని మీద నెల్లూరు పోతున్నాడు. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, మరిచిపోకుండా హెల్పరుకి ఫోను చేశాడు. "పైన ఏందో సౌండంట, గ్రీజు పెట్టు" అన్నాడు. హెల్పరు బద్ధకస్తుడు కాదు. వెంటనే గ్రీజు గన్ను తీసుకుని ఎక్కాడు. ఆ మిల్లులో ఎలివేటర్లు నాలుగు. అతను ఒకటోదానికి గ్రీజు పెట్టి దిగాడు. రాత్రి కూసింది మూడోది.

మధ్యాహ్నం మూడింటికి బేరింగు పట్టేసింది. పుల్లీ ఆగిపోయింది. మోటారు మాత్రం తిరుగుతానే ఉంది. మధ్యలో ఉన్న బెల్టులు రాసుకుని రాసుకుని కాలాయి. మిల్లంతా రబ్బరు పొగ. మూడు రోజులు మిల్లు మూత. బయట ట్రాక్టర్లలో పుట్ల కొద్దీ వడ్లు, వాటి మీద పట్టలు. రైతులేమో మాటిమాటికీ మబ్బు వంక చూడటం.

ఆ మిల్లు ఓనరు నాకు బాగా కావలసినవాడు. నేను ముప్పయ్యేళ్ళు ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్సు పని చేసి ఊరు చేరినవాణ్ణి. "అన్నా, తప్పు ఎవరిదో తేల్చు" అని నన్ను పిలిచాడు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాను. కుర్రాడన్నాడు, "చెప్పినా కదా." ఫిట్టరన్నాడు, "నేనూ చెప్పినా కదా." హెల్పరన్నాడు, "చెప్పింది చేసినా కదా." ముగ్గురూ నిజమే చెప్తున్నారు. ఒక్కరూ అబద్ధం ఆడటం లేదు. ముగ్గురూ పని చేసేవాళ్ళే. అయినా మిల్లు ఆగింది.

"చెప్పాను కదా." ఈ మాటను గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగమంతా ఈ మాట మీదే.

ఇప్పుడు ఉదయగిరి వెళ్దాం. ఉదయగిరి అనగానే దుర్గం కొండ, కోట గుర్తొస్తాయి. ఆ కోట నీడలో తరాల నుంచి చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయి. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ పని చేసే ఒక అమ్మను చూడండి. ఉలి మొద్దుబారితే ఎవరికీ చెప్పదు. పక్కనే ఉన్న రాయి మీద నాలుగు సార్లు నూరుకుంటుంది. ఆకురాయి పిడి వదులైతే తనే బిగించుకుంటుంది. పనిముట్టు వాడేదీ ఆమే, బాగుచేసుకునేదీ ఆమే. ఉలి మొద్దుబారిన సంగతి ఆమె చేతికి తెలుస్తుంది. బాగుచేసేదీ ఆ చెయ్యే. మధ్యలో కబురు మోసే పని లేదు.

రైసు మిల్లు అలా కాదు. వినేవాడు ఒకడు. బాగుచేసేవాడు ఒకడు. సామాను తెచ్చేవాడు ఇంకొకడు. డబ్బిచ్చేవాడు మరొకడు. పైగా రాత్రి డ్యూటీవాడు, పగటి డ్యూటీవాడు ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకునేది లేదు. వాడేవాడూ బాగుచేసేవాడూ ఇద్దరు మనుషులైన రోజు నుంచే అసలు చిక్కు. ఆ ఇద్దరి మధ్య ఒక కాగితం ఉండాలి. ఫ్యాక్టరీ భాషలో దాన్నే వర్క్ ఆర్డర్ అంటారు.

ఈ పేరుతో మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. వర్క్ ఆర్డర్ అనగానే మన వైపు "ఏ రోడ్డుకి? ఏ కాలువకి?" అని అడుగుతారు. కాంట్రాక్టరుకి ఆఫీసు ఇచ్చే కాగితం అనుకుంటారు. పోనీ గ్యారేజీల్లో వాడే మాట జాబ్ కార్డు అందామా? ఉదయగిరిలో జాబ్ కార్డంటే ఉపాధి హామీ కార్డే. ఇక చీటీ అందామా అంటే, నెలనెలా పాడుకునే చీటీ పాట గుర్తొస్తుంది. ఏం చేస్తాం! నేను మాత్రం పని చీటీ అంటాను. మీరు మీ మనసుకి నచ్చిన పేరు పెట్టుకోండి.

పని చీటీలో ఏముండాలి? పెద్ద పెద్ద ప్లాంట్లలో దీనికి కంప్యూటరులో ఇరవై ముప్పై గళ్ళుంటాయి. కృష్ణపట్నం వైపో, శ్రీసిటీ వైపో ఉద్యోగాలకు పోయిన మన ఐటీఐ పిల్లల్ని అడగండి, చెప్తారు. మన మిల్లుకి, మన క్రషరుకి, నారంపేటలో కొత్తగా పెట్టుకునే చిన్న యూనిట్‌కి అన్ని గళ్ళు అక్కర్లేదు. మూడు సంగతులు చాలు. ఏ యంత్రం? ఏం కనిపించింది, ఏం వినిపించింది? ఎప్పటి నుంచి? మళ్ళీ చెప్తున్నాను. ఏ యంత్రం. ఏం కనిపించింది. ఎప్పటి నుంచి.

రెండో సంగతి దగ్గర కాసేపు ఆగాలి. ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే.

ఆత్మకూరులోనూ, ఉదయగిరిలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి కదా. రాత్రి బండి తెచ్చి డిపోలో పెట్టేటప్పుడు, బండిలో ఏదైనా లోపం ఉంటే డ్రైవరు రాసి ఇవ్వడం అక్కడ పాత పద్ధతి. గ్యారేజీవాళ్ళు రాత్రికి రాత్రి చూసి, తెల్లారి సర్వీసుకి బండిని సిద్ధం చెయ్యాలి. ఆలోచించండి. నడిపినవాడు ఇంటికి పోయి నిద్రపోతున్నాడు. బాగుచేసేవాడు ఆ బండిని నడపలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది ఆ రాత ఒక్కటే.

ఇప్పుడు ఒక డ్రైవరు "బ్రేకు సరిగా లేదు" అని రాశాడనుకోండి. మెకానిక్కు ఏం చూడాలి? నాలుగు చక్రాలా? ఎయిరు లైనా? పెడలా? రాత్రంతా వెతుక్కోవాలి. ఇంకో డ్రైవరు ఇలా రాశాడనుకోండి. "బ్రేకు వేస్తే బండి ఎడమ పక్కకి లాగుతోంది. వర్షంలో ఇంకా ఎక్కువగా లాగుతోంది. నిన్నటి నుంచి." అంతే! ఎడమ చక్రం ముందే పట్టుకుంటోందా, కుడి చక్రం పట్టుకోవడం లేదా అని మెకానిక్కు సూటిగా అక్కడికే పోతాడు. సగం పని డ్రైవరే చేసి పెట్టాడు.

ఇంకో రకం రాత ఉంది. అది ఇంకా ప్రమాదం. "బ్రేకు లైనర్లు మార్చాలి" అని రాయడం. చూడటానికి తెలివైన రాతలా ఉంటుంది. కాని అది తీర్పు, కబురు కాదు. మెకానిక్కు లైనర్లు మారుస్తాడు. చెప్పిన పని చేశాడు. బండి మాత్రం ఎడమ పక్కకి లాగుతూనే ఉంటుంది. కాబట్టి ఏం చెయ్యాలో రాయకండి. ఏం కనిపించిందో రాయండి. లాగుతోంది, కూస్తోంది, కాలుతోంది, కారుతోంది, వణుకుతోంది. ఎంత చక్కటి తెలుగు మాటలో చూడండి! మెయింటెనెన్సుకి ఇంతకంటే మంచి భాష నాకు ఎక్కడా దొరకలేదు.

ఇక మొదటి సంగతి, ఏ యంత్రం అన్నది. ఇది చాలా సులువనుకుంటాం. నేను చూసిన ఒక చోట మూడు మోటార్లు ఉండేవి. ఒకటి పెద్ద మోటారు, ఒకటి పాత మోటారు, ఒకటి కొత్త మోటారు. ఆ కొత్త మోటారు కొని పదకొండేళ్ళయింది! పాత మోటారు తీసేసి దాని స్థానంలో వేరేది బిగించి ఆరేళ్ళు. అయినా దాన్ని పాత మోటారనే పిలుస్తారు. కొత్తగా చేరినవాడికి "పాత మోటారు చూడు" అంటే వాడు ఎటు పోవాలి? అరలీటరు తెల్ల పెయింటు, ఒక బ్రష్షు తెచ్చుకుని ప్రతి యంత్రం మీద అంకె వేసుకోండి. మిల్లులో మూడు రోజులు నష్టపోయింది అంకె లేకే కదా.

అంకె విలువ తెలియాలంటే ఆనకట్టల దగ్గరికి వెళ్ళాలి.

మనకు దగ్గర్లోనే పెన్నా మీద సోమశిల ఉంది. 78 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం. 12 గేట్లు. ప్రతి గేటుకీ ఒక అంకె. గేటు అంటే తలుపు లాంటిదే అనుకుంటాం. కాని అదొక పెద్ద యంత్రం. దానికి ఎత్తే ఏర్పాటుంటుంది, మోటారుంటుంది, రబ్బరు సీళ్ళుంటాయి, గ్రీజు అడిగే కీళ్ళుంటాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరికే నిలబడి ఉంటుంది. ఊరికే నిలబడి ఉండే యంత్రాన్ని ఎవరూ పట్టించుకోరు. కూత వెయ్యదు, పొగ రాదు. కాని వరద వచ్చిన రాత్రి అది కదిలి తీరాలి.

2024 ఆగస్టు 10 రాత్రి, హొసపేట దగ్గర తుంగభద్ర ఆనకట్టలో ఏమయిందో మీకు గుర్తుండే ఉంటుంది. గొలుసు తెగి గేటు ఒకటి కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లు. పోయింది పంతొమ్మిదోది. తెల్లారేసరికి అటు కర్ణాటకలోనూ, ఇటు రాయలసీమలోనూ, తెలంగాణలోనూ అందరి నోటా ఒకటే మాట, పంతొమ్మిదో గేటు! ఆ ఒక్క ఖాళీలోంచి నీళ్ళు దూకుతుంటే, ఆ ప్రవాహం మీదే ఉక్కు పలకల్ని ఒకదాని మీద ఒకటి దించి అడ్డుకట్ట వేశారు. రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు దగ్గరుండి చేయించారు. వారం పట్టింది. ఆ ఆనకట్టకు అప్పటికి సుమారు డెబ్బయ్యేళ్ళు.

అది దూరం అంటారా? మనకు ఉత్తరాన ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ జలాశయం ఉంది. అక్కడ 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో తుపాను రోజుల్లో ఇంకో గేటు కొట్టుకుపోయాయి. 2021 ఆగస్టులో పులిచింతలలో పదహారో గేటు పోయింది. అదే ఏడాది నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ఆనకట్ట తెగింది. ఆ చెయ్యేరు పెన్నాలో కలిసి సోమశిలకే వస్తుంది. అన్నమయ్య ఆనకట్టకున్న ఐదు గేట్లలో ఒకటి పని చెయ్యలేదని తర్వాత కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. ఆ కట్ట తెగడానికి వరదే కారణమా, ఇంకేమైనా ఉందా అనే వాదనలోకి నేను పోను. నన్ను పట్టుకున్నది ఒకటే ప్రశ్న. ఒక గేటు కదలడం లేదన్న సంగతి ముందు ఎవరి చేతికి తెలుస్తుంది? ఏడాదికోసారి దాన్ని ఎత్తి చూసే ఆపరేటరు చేతికి. ఏ గేటైనా సరే, ఏ ఊళ్ళోనైనా సరే, ఆ చేతి నుంచి డబ్బు మంజూరు చేసే చేతి దాకా ఆ కబురు పోవాలి. నోటిమాటగా అంత దూరం పోదు. దారిలో ఎవరో ఒకరు "చెప్పాను కదా" అంటారు.

2021 డిసెంబరులో దేశంలో ఆనకట్టల భద్రతకు ఒక చట్టం వచ్చింది. వానాకాలం ముందు ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి ప్రతి పెద్ద ఆనకట్టనూ తనిఖీ చెయ్యాలని అందులో ఉంది. అంటే ఏమిటి? ఏదీ చెడిపోకపోయినా, ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా, క్యాలెండరే ఒక పని చీటీ రాస్తుంది. మే నెల వచ్చింది, గేటు ఎత్తి చూడు అని.

క్యాలెండరు రాసే ఈ చీటీ మన రైతులకు కొత్తేం కాదు. మర్రిపాడు, కలిగిరి, వింజమూరు వైపు పొగాకు బ్యారన్లున్నాయి కదా. డీసీపల్లిలోనూ, కలిగిరిలోనూ వేలం కేంద్రాలున్నాయి. ఆకు కొట్టి బ్యారనులో కాల్చే రోజులు వస్తున్నాయంటే, తెలివైన రైతు ముందే లోపలికి దూరి పొగ గొట్టాలను వేలితో తట్టుకుంటూ పోతాడు. గట్టి రేకు ఠంగుమంటుంది. తుప్పు పట్టిన చోట మాట మారుతుంది. అక్కడ సున్నంతో గుర్తు పెడతాడు. ఆ చిల్లులోంచి ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, ఎండిన ఆకూ పోతుంది, బ్యారనూ పోతుంది. ఆ సున్నపు గుర్తు పని చీటీ కాక మరేమిటి? అక్షరాలు అక్కర్లేదు. ఎక్కడ, ఏమిటి అన్న రెండూ అందులో ఉన్నాయి.

ఇంతవరకూ చీటీ మొదలుపెట్టడం గురించి చెప్పాను. ఇప్పుడు ముగించడం గురించి. నా అనుభవంలో చీటీ రాసేవాళ్ళైనా దొరుకుతారు గాని, సరిగా ముగించేవాళ్ళు దొరకరు. పని అయిపోయాక "అయిపోయింది" అని ఒక ముక్క రాసి సంతకం పెడతారు. లేదా అదీ ఉండదు.

ఒక రైతు కథ చెప్తాను. ఉదయగిరి మెట్ట ప్రాంతం. బోరు మోటారు. రెండేళ్ళలో నాలుగు సార్లు కాలింది. నాలుగు సార్లూ వైండింగుకి తెచ్చాడు. నాలుగు సార్లూ డబ్బులు కట్టాడు. నాలుగు బిల్లుల మీదా ఒకటే రాత. "మోటారు రివైండింగ్." నాలుగోసారి మోటారు తెచ్చినప్పుడు నేను ఆ షాపుకి వెళ్ళి, వైండింగు చేసే ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మోటారు విప్పాడు. లోపల రాగి తీగ చుట్లు ఉంటాయి, మూడు ఫేజులకి మూడు జట్లు. రెండు జట్లు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. మూడో జట్టు మాత్రం కొత్త బిందెలా మెరుస్తోంది.

"ఏందిది?" అన్నాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఒక ఫేజు పోయుంటాది సామీ. రెండు ఫేజుల మీద లాగి కాలింది. అంతా ఒకే మాదిరి నల్లబడుంటే లోడో, ఓల్టేజీనో అనుకోవచ్చు" అన్నాడు. "మరి ఇంతకు ముందు మూడు సార్లూ?" అన్నాను. "అప్పుడూ ఇట్టనే." "రైతుకి చెప్పావా?" "అడగలేదు సామీ."

విన్నారా? జబ్బేమిటో మొదటి రోజే ఒకరికి తెలుసు. ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే చిన్న పరికరం స్టార్టరులో పెట్టుకుంటే సరిపోయేది. దాని ఖర్చు ఒక వైండింగు ఖర్చులో చిన్న వంతు. కాని ఆ సంగతి ఎక్కడా రాయలేదు. కాలిన తీగ కోసేసి, పాత రాగి తూకానికి అమ్మేశాడు. తీగతోపాటు సమాచారం కూడా తూకానికి పోయింది.

కాబట్టి చీటీ ముగించేటప్పుడు కూడా మూడు సంగతులు. విప్పితే ఏం కనిపించింది? ఏం చేశాం? ఇంకా ఏం మిగిలింది? మళ్ళీ చెప్తున్నాను. ఏం కనిపించింది, ఏం చేశాం, ఏం మిగిలింది. మూడోది రాయడానికి మనవాళ్ళకి మొహమాటం. మిగిలిందని రాస్తే పని సగమే చేశామని అనుకుంటారేమోనని భయం. ఓనర్లూ అలాగే ఉంటారు. రాసినవాడినే ముందు తిడతారు. "నీ డ్యూటీలోనే ఎందుకు కూసింది రా?" అంటారు. ఆ మాట ఒక్కసారి అంటే చాలు, ఆ మిల్లులో ఇక ఎవరూ ఏదీ రాయరు. పుస్తకం తెల్లగా ఉంటుంది. ఓనరేమో యంత్రాలన్నీ బాగున్నాయని సంబరపడతాడు. తెల్ల పుస్తకాన్ని చూస్తే నాకు మాత్రం గుండె దడ.

కాగితం ఎందుకు, వాట్సాప్ ఉంది కదా అంటారు కుర్రాళ్ళు. ఉంది. ఫోటో తీసి పెట్టడానికి చాలా మంచిది కూడా. ఒక మిల్లు గ్రూపు నేను చూశాను. పొద్దున ఆరింటికి కారుతున్న గేరుబాక్సు ఫోటో పెట్టారు. ఏడింటికల్లా దాని మీద పదహారు శుభోదయాలు, రెండు పుట్టినరోజు కేకులు, ఒక దేవుడి పటం పడ్డాయి. గేరుబాక్సు ఎక్కడో అడుగున నూనె కారుస్తా పడుంది. ఫోటో గ్రూపులో పెట్టండి, వద్దనను. దాన్ని ఒక చోట వరసలో ఎక్కించి, అయిందా లేదా అని గీత కొట్టేవాడు ఒకడుండాలి.

ఇంకో జబ్బు, అర్జంటు జబ్బు. ప్రతి చీటీ మీదా అర్జంటు అని రాస్తారు. ఆఫీసు గదిలో ఫ్యాను తిరగకపోయినా అర్జంటే, బాయిలరు సేఫ్టీ వాల్వు పట్టేసినా అర్జంటే. ఫ్యాను ముందు బాగవుతుంది, ఎందుకంటే దాని కింద కూర్చునేది ఓనరు! నేను ఒకటే అడుగుతాను. దీనివల్ల మనిషికి దెబ్బ తగులుతుందా? అయితే అది ముందు, మిగతా పని ఆగినా సరే. ఆ తర్వాత మిల్లుని ఆపేవి. మిగతావన్నీ సీజను అయ్యాక.

మనిషికి దెబ్బ అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పకుండా పోలేను. కరెంటు లైన్‌మెన్లు స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటారు, మీరు వినే ఉంటారు. ఫలానా ఫీడరు మీద పని చేస్తున్నాను, లైను ఆపండి అని సబ్‌స్టేషనులో అడిగి, పేరూ టైమూ రాయిస్తారు. పని అయ్యాక ఎవరు తీసుకున్నారో వాళ్ళే ఆ ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా లైను ఎక్కించకూడదు. పక్కవాడు ఫోను చేసి "అయిపోయిందంట, వేసెయ్" అంటే చెల్లదు. చెల్లించిన చోట ప్రాణాలు పోయాయి. ఆ వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. మన మిల్లులో, మన క్రషరులో యంత్రం లోపలికి చెయ్యి పెట్టే మనిషికి అదే నియమం ఎందుకు ఉండకూడదు? మెయిను ఆపి, ఫ్యూజు పీకి, ఆ ఫ్యూజు తన జేబులో వేసుకుని, చీటీ మీద తన పేరు రాసి, అప్పుడు లోపలికి దిగాలి. ఆ ఫ్యూజు ఆయన జేబులోంచి ఆయన చేత్తోనే బయటికి రావాలి. ఇది మాత్రం దయచేసి రేపటి నుంచే మొదలుపెట్టండి. మిగతావి మెల్లగా నేర్చుకోవచ్చు.

మొదట చెప్పిన మిల్లు సంగతి మిగిలిపోయింది. తప్పు ఎవరిదో తేల్చమన్న ఓనరుకి నేను తేల్చలేదు. నూరు పేజీల నోటుబుక్కు ఒకటి కొనిపించాను. పురికొస కట్టి మెయిను బోర్డు పక్కన మేకుకి తగిలించాము. పెన్ను పెడితే తవుడు దుమ్ముకి వారంలో మొండికేసింది. పెన్సిలు కట్టాము. నాలుగు ఎలివేటర్లకీ అంకెలు రాయించాము. రాసినవాణ్ణి తిట్టనని ఓనరు చేత అందరి ముందూ మాట ఇప్పించాము. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆయన పడ్డ అవస్థ నాకు తెలుసు.

పోయిన నెల వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తిరగేశాను. సగం రాతలు నాకే అర్థం కాలేదు. ఒకచోట ఎవరో టీ లెక్కలు రాశారు. ఒక పేజీలో మాత్రం రాత్రి డ్యూటీ కుర్రాడి అక్షరాలు. "మూడో ఎలివేటరు. పైన, ఎడం పక్క. కూస్తా ఉండాది. చెయ్యి పెట్టలేకపోతిని. రాత్రి ఒంటిగంట నుంచి." దాని కింద ఫిట్టరు రాత. "చూసినాను. బేరింగు మార్చినాను, నెల్లూరు నుంచి పొద్దుటి బస్సు పార్శిల్లో తెప్పించి. షాఫ్టు రవంత అరిగుంది. అందుకే మళ్ళీ కూసింది. కోతలు అయినాక మార్చాల."

కోతలు అయిపోయాయి. షాఫ్టు ఇంకా మార్చలేదు. నిన్న ఫోను చేసి ఫిట్టరుని అడిగాను. "మరిచిపోయినావా ఏంది?" అన్నాను.

"మరిచిపోయేదానికి నాదేముందన్నా, పుస్తకంలో ఉండాది. ఆ కుర్రోడు రోజూ డ్యూటీ దిగేటప్పుడు ఆ పేజీ తీసి నాకు చూపిచ్చి పోతా ఉండాడు" అన్నాడు.